డండాక్‌కు నేను మోసిన ఫ్లెక్సీ

ఐర్లండ్ వెళ్ళొచ్చానని చెబితే మా వీధిలో సగం మంది "ఇంగ్లండేగా" అన్నారు. మిగతా సగం "బాగా చలా?" అని అడిగారు. చలి సంగతి తర్వాత, ముందు వాన. మన వానలా దబదబా కురిసి వెలిసే రకం కాదది. వెళ్తానని లేచిన చుట్టం గడప దగ్గర నిలబడి ఇంకో గంట కబుర్లు చెప్పినట్టు, ఆగినట్టే ఉండి ఆగదు. ఆ దేశం ఎంత పచ్చగా ఉందో అని ఫొటోలు చూసి మురిసిపోయేవాళ్ళకి నేను చెప్పేదొకటే. అన్ని రోజులు నానబెడితే మా మేడ మీద సిమెంటు కూడా పచ్చబడుతుంది.

నేను గుంటూరులో ఆడపిల్లల కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరయ్యాను. మా చెల్లెలు విమల ఐర్లండ్‌లో ప్రభుత్వాసుపత్రిలో డాక్టరు. దాని భర్త ప్రభాకర్ కంప్యూటర్ ఉద్యోగం చేస్తూ, ఆదివారాలు తెలుగు క్రైస్తవుల సహవాసం ఒకటి నడుపుతాడు. జనవరిలో రమ్మని టికెట్ పంపిందీ అతనే. ఎవరైనా వేసవిలో రమ్మంటారు. నన్ను జనవరిలో ఎందుకు రమ్మన్నాడో బయల్దేరే ముందు రోజు ఫోన్‌లో తెలిసింది.

"వదినగారూ, అరండల్‌పేటలో ఫ్లెక్సీ షాపువాడు ఒక రోల్ ఇస్తాడండీ. కాస్త పట్టుకొచ్చెయ్యండి. ఇక్కడ ప్రింటింగ్ ముట్టుకుంటే మంటండీ."

గుంటూరులో ఫ్లెక్సీ గురించి చెప్పక్కర్లేదు. పుట్టినా ఫ్లెక్సీయే, పోయినా ఫ్లెక్సీయే, మధ్యలో కౌన్సిలర్‌గారి మేనల్లుడికి ఇంటర్లో సీటొచ్చినా ఫ్లెక్సీయే. ముఖం కనిపించకపోతే మనవాళ్ళకి ఏదీ జరిగినట్టు కాదు. నా చెయ్యంత పొడుగున్న ఆ గొట్టాన్ని విప్పి చూడకుండా, తిట్టుకుంటూ మోశాను. డబ్లిన్ విమానాశ్రయంలో అధికారి ఒకాయన, అందులో ఏముందని అడిగాడు. చర్చి మీటింగుది అన్నాను. ఆయన నన్ను జాలిగా చూసి, "గుడ్ లక్ విత్ దట్" అని పంపేశాడు.

లెపర్డ్స్‌టౌన్

మా చెల్లెలి ఇల్లు డబ్లిన్ శివార్లలో, ఆఫీసు భవనాల వెనకుంది. ఇల్లు అంటే అగ్గిపెట్టె. దాని అద్దెతో మా వీధిలో ఏడాదంతా ఒక కుటుంబం దర్జాగా బతుకుతుంది. వంటింట్లో బీరువాని వాళ్ళు "ప్రెస్" అంటారు. నా ఆవకాయ జాడీని ప్రెస్‌లో పెట్టమని విమల చెప్పినప్పుడు నేను ఇస్త్రీపెట్టె కోసం వెతికాను.

ప్రభాకర్ భోజనాల దగ్గర అసలు సంగతి విప్పాడు. శనివారం డండాక్ ఊళ్ళో ఒక హాలు తీసుకుని సదస్సు పెడుతున్నాడట. అంశం: చైనా యువత, రేపటి సమాజం, క్రైస్తవ దృక్పథం.

"చైనా మీదెందుకు పడ్డావు ప్రభాకర్? గుంటూరు యువత అయిపోయారా?"

"అది పెద్ద పొలం వదినగారూ. కోతకొచ్చేసిందండీ."

"వాళ్ళు వరిపైరా?"

"అక్కా, నీ నోరు కాస్త అదుపులో పెట్టుకో," అంది విమల, పెరుగు వడ్డిస్తూ. ఆమె ఆసుపత్రి నుంచి అప్పుడే వచ్చింది. ఈ పొలం కోతల మీద ఆమెకున్న అభిప్రాయం ఆ అలసిన ముఖంలోనే కనిపించింది గానీ, ఏళ్ళ కాపురం ఆమెకి ఊరుకోవడం నేర్పింది. నాకు ఆ చదువు రాలేదు.

పార్నెల్ వీధి

మర్నాడు మా చెల్లెలి కూతురు షారన్ నన్ను లువాస్ ఎక్కించి ఊళ్ళోకి తీసుకెళ్ళింది. లువాస్ అంటే వీధిలో నడిచే రైలు. షారన్ డండాక్‌లో కాలేజీ చదువుతోంది. నేను తెలుగులో అడిగితే అది ఐరిష్ యాసలో ఇంగ్లీషులో జవాబు చెబుతుంది. చలేస్తోందా అన్నా, ఆకలేస్తోందా అన్నా "అయామ్ గ్రాండ్, పెద్దమ్మా" అంటుంది. ఆ దేశంలో కాలు విరిగినవాడు కూడా గ్రాండ్‌గానే ఉంటాడు.

షారన్‌తో పాటు డండాక్‌లో గది పంచుకునే చైనా అమ్మాయి మమ్మల్ని ఒక నూడిల్స్ హోటల్‌కి పిలిచింది. ఆమెని మెయ్ అంటాను. అది ఆమె పేరు కాదు, ఎందుకో ముందు ముందు మీకే తెలుస్తుంది. పొట్టిగా, కళ్ళజోడుతో, మాటకి ముందు కాస్త ఆలోచించే అమ్మాయి. గిన్నె నూడిల్స్ పద్నాలుగు యూరోలు. పిండిని చేత్తో సాగదీస్తూ వంటవాడు చేసే విన్యాసం మన పరోటా మాస్టరు చూస్తే నవ్విపోతాడు. కారం మాత్రం బాగుంది. ఆ దేశంలో నా నాలుకకి ప్రాణం లేచొచ్చింది అక్కడే.

గిన్నెకి ఫొటో తీద్దామని నేను ఫోన్ ఎత్తగానే మెయ్ మెనూ కార్డు ముఖానికి అడ్డం పెట్టుకుంది.

"ఏమనుకోకండి ఆంటీ. చర్చికి సంబంధించినవాళ్ళతో ఫొటోలు వద్దు. ఇంకొన్నాళ్ళు."

ఎందుకని అడిగాను. చరిత్ర పాఠాలు చెప్పినవాళ్ళకి అడగడానికి మొహమాటం ఉండదు. ఆమె ఇంగ్లీషులో నెమ్మదిగా చెప్పింది.

"మా నాన్న ప్రభుత్వ హైస్కూల్లో హెడ్మాస్టరు. నేను విశ్వాసంలోకి వచ్చానని ఆయనకింకా చెప్పలేదు. మా చైనా కొత్త సంవత్సరం పండక్కి ఇంటికెళ్తున్నాను, టికెట్ కూడా తీసుకున్నాను. భోజనం బల్ల దగ్గర ఆయన ముఖం చూస్తూ నేనే చెప్పాలి. ఇంకెవరో ఫొటో చూసి ఆయన్ని అడిగితే ఉద్యోగంలో ఆయనకి తలనొప్పులొస్తాయి. అంతకంటే ఏమిటంటే, ఆయన నన్నేమీ అడగరు ఆంటీ. బాధపడితే మాట్లాడరు. అది నేను తట్టుకోలేను."

"అసలు నీకీ విశ్వాసం ఎలా కలిగింది?"

"చికెన్‌తో," అంది, నవ్వకుండా. "మా దేశంలో నన్ను అందరూ ఒకటే అడిగారు, నీ వల్ల ఉపయోగమేంటని. బడిలో అడిగారు, నానమ్మ అడిగింది, ఇంటర్వ్యూలో అడిగారు. షారన్‌తో మీ సహవాసానికి మొదటిసారి వచ్చినప్పుడు ఒక పెద్ద ఆంటీ నన్నేమీ అడక్కుండా ప్లేట్లో రెండోసారి చికెన్ వేసింది. వద్దంటే ఇంకాస్త వేసింది. ఆ వారం గదికెళ్ళి బైబిలు తీశాను."

"మా ప్రభాకర్ ఏం అడిగాడు?"

"ఎంతమందిని తీసుకురాగలవని అడిగారు."

షారన్ తల బల్లకేసి ఆనించుకుంది. మెయ్ మాత్రం మామూలుగానే చెప్పుకుపోయింది. వాళ్ళ దేశపు కుర్రాళ్ళలో కొందరు "మేం పడుకుంటాం" అంటారట. అంటే పోటీలో పరిగెత్తం, ఉన్నదాంతో బతుకుతాం అని. పెద్దలకది బద్ధకం. ఆమె చిన్నాన్న కొడుకు పొద్దూ మాపూ పనిచేసి ఆసుపత్రి పాలయ్యాక పడుకున్నాడట. "దాన్ని బద్ధకం అనాలా ఆంటీ?" అంది. మా వైపు కోచింగ్ హాస్టళ్ళలో తెల్లారకముందే లేపి కూర్చోబెట్టే పిల్లలు గుర్తొచ్చారు నాకు. వాళ్ళకి పడుకునే అవకాశం కూడా లేదు. చైనా యువత మీద దృక్పథం చెప్పడానికి మనకున్న అర్హత ఏమిటో ఆ గిన్నె ఖాళీ అయ్యేదాకా ఆలోచించినా తట్టలేదు. ఆ అమ్మాయి ముందు మాత్రం నా వెటకారం పనిచెయ్యలేదు. ఆమె నాకు నచ్చింది.

క్లోనీ

శనివారం పొద్దున్నే ప్రభాకర్, విమల, నేను డండాక్ వెళ్తూ క్లోనీ అనే పల్లెలో ఆగాం. అక్కడ ఒక తెలుగువాళ్ళింట్లో బిర్యానీ ట్రేలు ఎక్కించుకోవాలి, ముందు రోజు ప్రార్థనకొచ్చి వాళ్ళింట్లో బస చేసిన ముఖ్య ప్రసంగీకుణ్ణి కూడా. ఊరి పక్కన కిటికీల్లేని పొడుగాటి షెడ్లు వరసగా ఉన్నాయి, మన మిర్చి కోల్డ్ స్టోరేజీల్లాగా. జనం ఫోన్లలో పెట్టే ఫొటోలూ కబుర్లూ ఇలాంటి చోట్లే దాస్తారనీ, మనం చెరిపేశామనుకున్నవి కూడా ఓ పట్టాన పోవనీ ప్రభాకర్ గర్వంగా చెప్పాడు. మిర్చి నయం, పాతబడితే పురుగైనా పడుతుంది.

ప్రసంగీకుడి పేరు జోసెఫ్ అయ్యగారు. ప్రభాకర్ ఆయన్ని అంతర్జాతీయ ప్రసంగీకుడన్నాడు. ఆయనది మా బాపట్ల, ఉండేది బెల్‌ఫాస్ట్‌లో. బెల్‌ఫాస్ట్ సరిహద్దుకి అవతల, బ్రిటన్ కింద ఉంది, డండాక్ ఇవతల. కారులో గంట ప్రయాణం. ఆ గంటలో ఆయన అంతర్జాతీయం అయిపోయాడు.

"చైనా కుర్రకారుకి నిరీక్షణ లేదమ్మగారూ, రేపటి మీద ఆశ లేదు," అన్నాడాయన కారెక్కుతూ, ఫోన్లోంచి తల ఎత్తకుండా. "పెళ్ళిళ్ళు చేసుకోరు. పిల్లల్ని కనరు. పొద్దస్తమానం ఫోనేనండి."

"మీరు చైనా వెళ్ళారా అయ్యగారూ?"

"వెళ్ళానండి. షాంఘై."

"ఎన్నాళ్ళున్నారు?"

"ఫ్లైటు మారేటప్పుడండి. ఓ పూట ఉన్నాను ఎయిర్‌పోర్టులో. ఆ పూటలోనే ప్రభువు నాకు చాలా చూపించాడు. ఒక్క ముఖంలో చిరునవ్వు లేదండి."

విమానం మారేచోట చిరునవ్వు ఎవడికి ఉంటుంది? వచ్చేటప్పుడు దోహాలో నన్ను చూసినవాళ్ళు తెలుగుజాతికి నిరీక్షణ లేదని రాసుకునే ఉంటారు. దారి పొడుగునా ఆయన చైనా భవిష్యత్తు చెబుతూనే ఉన్నాడు, బిర్యానీ వాసనకి నా కడుపు కాలుతూనే ఉంది.

డండాక్

హాలు కాథలిక్కు చర్చిది. దాన్ని చూసుకునేది ఫాదర్ డెక్లన్ అనే పెద్దాయన. రిటైరయ్యాడు గానీ, టీ పెట్టడానికి ఇంకెవరూ లేక తనే పెడుతున్నాడు. టీ మరీ చిక్కగా, పాలు చల్లగా. దాన్ని తాగడం కంటే దాంతో వాదించడం తేలిక. టీ గది బయట గోడకి ఒక పాత ఫొటో వేలాడుతోంది. తెల్ల చొక్కాలు తొడిగిన నల్లపిల్లలు రెండు వరసల్లో నిలబడ్డారు. కింద ఇంగ్లీషులో "మన తెలుగు పిల్లలు" అని రాసుంది. ఒక్కరి పేరూ లేదు.

"మీ వైపు వాళ్ళేనా?" అన్నాడు ఫాదర్, నా వెనక నిలబడి.

"మా వైపే. మా తాత ఇందులో ఉన్నా తెలిసేది కాదు. ఆయనకి మిషనరీలు పేరు కూడా మార్చారు. అడక్కుండానే."

"ఒకప్పుడు ఈ హాల్లోనే మీ పిల్లల భవిష్యత్తు గురించి మీటింగులు పెట్టేవాళ్ళం," అన్నాడాయన కెటిల్ ఎత్తుతూ. "ఇప్పుడు కేరళ నుంచి కుర్ర ఫాదర్లొచ్చి మా పిల్లల భవిష్యత్తు గురించి దిగులుపడుతున్నారు. మా పిల్లలు వాళ్ళకీ దొరకడం లేదు. ఇంకో కప్పు తాగుతారా?"

ఆ దేశంలో నాకు తెలివైనవాడు కనిపించాడంటే అదే మొదలు. ఇంకో కప్పు మాత్రం వద్దన్నాను.

హాల్లోకి తిరిగొచ్చేసరికి ప్రభాకర్ నిచ్చెన మీదున్నాడు. నేను గుంటూరు నుంచి మోసుకొచ్చిన గొట్టం విప్పి వేదిక వెనక గోడకి కడుతున్నాడు. ఎడమవైపు జోసెఫ్ అయ్యగారు రెండు చేతులూ చాచి. కుడివైపు ప్రభాకర్ కోటులో. మధ్యలో, వాళ్ళిద్దరికంటే పెద్దగా, మెయ్ ముఖం. కళ్ళజోడూ, పుట్టినరోజు కేకు వెలుగూ, అన్నీ ఉన్నాయి. కింద బంగారు రంగు అక్షరాలు: సిస్టర్ లిడియా, చైనా దేశపు ప్రథమ ఫలము. ఇంకా బాప్తిస్మం కూడా కాని పిల్లకి పేరు పెట్టేశారు, కోతకొచ్చిన పంటలో తొలి వరిపనగా కట్టేశారు.

ఆ ముఖాన్ని చేతి సామానులో పెట్టుకుని రెండు విమానాలు మారి తెచ్చింది నేనే.

"ఈ ఫొటో ఎక్కడిది ప్రభాకర్?"

"షారన్ ఫోన్లో ఉందండీ. పుట్టినరోజుది. సర్‌ప్రైజ్ చేద్దామని అమ్మాయికి చెప్పలేదు. ఇవాళ వేదిక మీద తన విశ్వాసం గురించి సాక్ష్యం చెప్పిస్తున్నామండీ, యూట్యూబ్‌లో లైవ్."

అప్పుడే తలుపు తీసుకుని షారన్, మెయ్ లోపలికొచ్చారు. ఇద్దరి జుట్టూ వానకి తడిసి ఉంది. షారన్ గోడకేసి చూసి, "డాడ్, ఆర్ యూ ఫర్ రియల్?" అంది. దాని గొంతు నేను అలా ఎప్పుడూ వినలేదు. మెయ్ తన ముఖం వైపు కాసేపు చూసి, దాని కింద అక్షరాలు ఏమిటని నన్ను అడిగింది. చదివి చెప్పాను.

"నా పేరు లిడియా కాదు," అంది. తర్వాత ప్రభాకర్ వైపు తిరిగి, "ఇది ఇంకెవరి దగ్గరుంది?" అని అడిగింది.

"అన్ని గ్రూపుల్లోనూ పెట్టాం సిస్టర్," అన్నాడు ప్రభాకర్ నిచ్చెన దిగుతూ, ఇంగ్లీషులో, సంతోషంగా. "గుంటూరు, హ్యూస్టన్, మెల్‌బోర్న్. డబ్లిన్‌లో మీ చైనీస్ స్టూడెంట్స్ గ్రూపుకి కూడా స్పెషల్‌గా పంపించాను. నిన్న సాయంత్రం."

ఆ గ్రూపులో వాళ్ళ ఊరి కుర్రాళ్ళు ఇద్దరున్నారని మెయ్ షారన్‌తో మెల్లగా అంది. అంది గానీ, బయటికి పరిగెత్తలేదు, ఏడవలేదు.

నాకు ఒళ్ళు మండిపోయింది. అక్కడే బిర్యానీ ట్రేల మీద రేకు కాగితం కత్తిరించే కత్తెర ఉంది. తీసుకుని నిచ్చెనెక్కాను. ఈ వయసులో నిచ్చెన ఎక్కొద్దని మా డాక్టరు చెల్లెలు ఎన్నిసార్లు చెప్పిందో. గుంటూరు ఫ్లెక్సీ గట్టిదే, కాస్త మొరాయించింది. ముఖం చుట్టూ కత్తిరించి, చుట్టచుట్టి మెయ్ చేతికిచ్చాను.

"వదినగారూ, ఏం చేస్తున్నారండీ మీరు? ఇంకాసేపట్లో లైవ్ అండీ! అపొస్తలులు భయపడ్డారా? సాక్ష్యం దాచుకోకూడదండీ."

"వాళ్ళ సాక్ష్యం వాళ్ళే చెప్పుకున్నారు ప్రభాకర్. వాళ్ళ తరఫున ఎవడూ ఫ్లెక్సీ వెయ్యలేదు."

సదస్సు ఆగలేదు. మనవాళ్ళ సదస్సులు భూకంపానికి కూడా ఆగవు. ఫ్లెక్సీకి పడ్డ కంతలోంచి గోడ మీద ఉన్న అత్యవసర ద్వారం గుర్తు కనిపించసాగింది, తలుపు వైపు పారిపోతున్న ఆకుపచ్చ మనిషి. దాని ముందు నిలబడి జోసెఫ్ అయ్యగారు చైనా యువత ఎటు పోతోందని మూడు సార్లు అడిగారు. లైవ్ చూసినవాళ్ళకి జవాబు ఆయన వెనకే కనిపించి ఉంటుంది.

హాలు బయట గోడ

మెయ్ చర్చి ఆవరణలో ఉన్న పొట్టి గోడ మీద కూర్చుంది. వాన ఆగినట్టే ఉండి ఆగలేదు. నేను గొడుగు పట్టుకుని పక్కన కూర్చున్నాను. గోడ తడి చీరలోంచి ఎముకల్లోకి ఎక్కింది.

"వాళ్ళ ఊళ్ళో ఇప్పుడు సాయంత్రం," అంది షారన్, మొదటిసారి తెలుగులో. "వాళ్ళ డాడీ భోజనం అయిపోయి ఉంటది."

"ఆంటీ, మీరు వెళ్ళకండి," అంది మెయ్. "ఇంకెవరైనా చెప్పేలోపు నేనే చెప్పాలి." ఫోన్ తీసింది. వీడియో కాదు, మామూలు కాల్. ముఖం చూస్తూ చెప్పాలనుకున్న పిల్ల ముఖం చూపించుకునే ధైర్యం లేక మామూలు కాల్ చేసింది.

ఆమె ఏం మాట్లాడిందో నాకు తెలీదు. మెల్లగా, ముక్కలు ముక్కలుగా మాట్లాడింది. మధ్యలో నాకు తెలిసిన మాట ఒక్కటి వినిపించింది. యేసు. వాళ్ళు కూడా ఆ పేరుని దాదాపు మనలాగే అంటారని నాకు అప్పటిదాకా తెలీదు. ఆ మాట తర్వాత అవతలి నుంచి చాలాసేపు ఏమీ వినిపించలేదు. లోపల హాల్లో హల్లెలూయ అంటూ చప్పట్లు కొడుతున్నారు. మెయ్ ఫోన్‌ని చెవికి ఇంకా దగ్గరగా నొక్కుకుంది.

పెట్టేశాక కళ్ళజోడు తీసి తుడుచుకుంది. అద్దాల మీద వానే అనుకుంటాను.

"ఎవరైనా బలవంతం చేశారా అని అడిగారు. లేదన్నాను. తర్వాత, ఈ పండక్కి రావద్దన్నారు."

"కోపం వచ్చిందా?"

"లేదు ఆంటీ. పరీక్షలున్నాయని చుట్టాలందరికీ తనే చెప్తానన్నారు. ఎవరైనా అడిగితే తనకేమీ తెలీదని చెప్తారట. నా మంచం మీద కొత్త దుప్పటి వేశారు, నేనొస్తున్నానని. అది తియ్యనన్నారు."

ఆ హాల్లో ఆ రోజు చెప్పిన మాటలన్నీ తూకం వేసినా ఆ దుప్పటి మాటకి సరిపోవు. నాకు దుఃఖం వచ్చింది. చెప్పుకోడానికి సిగ్గేం లేదు, గొడుగు పక్కకి పోయి ముగ్గురం తడిశాం.

ప్రభాకర్ బయటికొచ్చి, "అయ్యో, అమ్మాయి సాక్ష్యం మిస్సయిపోయింది వదినగారూ," అన్నాడు.

"చెప్పేసింది," అన్నాను. "ఇప్పుడే. నువ్వు లోపలున్నావు."

అతను అటూ ఇటూ చూశాడు, కెమెరా ఎక్కడుందా అన్నట్టు. విమల లోపలి నుంచి ఒక ప్లేటు బిర్యానీ తెచ్చి మెయ్ ఒళ్ళో పెట్టింది. ఏమీ అడగలేదు. మెయ్ తింది. బిర్యానీలో ఉప్పు తక్కువైంది, అది నా అభిప్రాయం.

గుంటూరు

తిరిగొచ్చిన ఆదివారం చర్చిలో స్త్రీల సమాజంవాళ్ళు నన్ను చుట్టుముట్టారు. ఐర్లండ్ విశేషాలు చెప్పాలట, నా ముఖంతో ఫ్లెక్సీ కూడా వేయిస్తారట. నా ముఖం గోడకెక్కితే చర్చి కూలుతుందని చెప్పి తప్పించుకున్నాను.

అప్పుడు ఒకావిడ ఫోన్ తీసి నా కళ్ళ ముందు పెట్టింది. గ్రూపులో వచ్చిందట. కళ్ళజోడు, కేకు వెలుగు, బంగారు రంగు అక్షరాలు. నేను కత్తిరించింది ఒక్క గోడ మీదే.

"మీరు కలిశారంటగా. ఈ అమ్మాయేనా?"

ఫోన్‌ని ఆవిడ వైపు తిప్పేశాను.

"కాదమ్మా," అన్నాను. "ఈవిడెవరో లిడియా అని రాసుంది కదా. నేను కలిసినమ్మాయి వేరు."